ఎడారి వంతు వచ్చినప్పుడు

గాలిమిట్ట వాతావరణ కేంద్రం, దినచర్య
రాస్తున్నది: వరహాలు. ఉద్యోగం: గొంతు

చిత్త కార్తె, పదో రోజు

పొద్దున్నే కోతులు గాలి వేగం కొలిచే మరను మళ్ళీ ఊడబెరికాయి. ఒక ముసలి కోతి దాని గిన్నె ఒకటి ఎత్తుకుపోయి, కొమ్మ మీద కూర్చుని, అందులో ఉసిరికాయలు పోసుకుని తింటోంది. లచ్చన్న అరటిపండు చూపించి బతిమాలాడు. నేను చీపురు చూపించాను. చివరికి పండే గెలిచింది. పాంగి లచ్చన్న ఇక్కడ యంత్రాలు చూసుకునే మనిషి, అరకు కొండలవాడు, ఎవరి మీదా గొంతెత్తడు. గొంతెత్తడం నా ఉద్యోగం.

ఈ కేంద్రాన్ని నడిపే సభవారు ఈ పుస్తకంలో కొలతలు మాత్రమే రాయమన్నారు. కొలతలు ఎలాగూ యంత్రం రాసుకుంటుంది. మిగతావి నేను రాస్తాను. దీన్ని తెరిచి చూసేవాళ్ళెవరూ లేరు కాబట్టి పేచీ లేదు.

బెలూన్ గుడ్డకి మాసిక వేసి ఎగరేశాం. ఆకాశంలో ఉపగ్రహాలు పనిచేసే రోజుల్లో ఈ కుట్టుపని ఉండేది కాదట. సూదిలోకి దారం ఎక్కించేటప్పుడల్లా ఆ రోజుల మీద నాకు కొంచెం అసూయ కలుగుతుంది.

సాయంత్రం రేడియో పెట్టెలో సందె కబురు చదివాను. ముందు తీరం, తర్వాత లోయలు, తర్వాత కొండలు, ఆఖరున ఎడారి. నాలుగూ ఈ వరసలోనే చదవాలి. తీరంలో తెప్పల మీద ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు మా గాలి కబురు వినే తాళ్ళు బిగిస్తారు, వదులుతారు. లోయలవాళ్ళు తోటల మీది గాజు కప్పులు మూస్తారు. కొండలవాళ్ళు పొగమంచు పట్టే వలలు కడతారు. ఎడారివాళ్ళు మాత్రం ఏమీ చెయ్యరు. వాళ్ళకి నేను చదివేది ఒకటే మాట. "ఎడారి. ఆకాశం తేట, గాలి పొడి, చినుకు లేదు." నా జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ ఇందులో అక్షరం మారలేదు.

గొంతు కూడా మారకూడదు. ఒకప్పుడు యంత్రాలు మనుషుల గొంతులు దొంగిలించి అబద్ధపు కబుర్లు చెప్పాయి. వాటిని నమ్మి చాలామంది పోయారు. అప్పటినుంచి అన్ని ఊళ్ళలోనూ పిల్లలకి నేర్పేది ఇదే: పెట్టెలో వరహాలు గొంతు కాక ఇంకోటి వినపడితే తక్షణం కట్టెయ్యండి. నాకు జలుబు చేసిందంటే తీరం, లోయలు, కొండలు మూడూ పిలిచి మిరియాల కషాయం తాగమని పోరుతాయి. ఎడారి ఒక్కటే పిలవదు. వాళ్ళ దగ్గర వినే పెట్టె ఉంది గానీ మాట్లాడే పెట్టె లేదు.

పదకొండో రోజు

మధ్యాహ్నం ఒక గాజు పలకల బండి కుంటుకుంటూ మా మిట్ట ఎక్కింది. ఎడారిలో నడియేరు అనే ఊరు ఉంది. అక్కడివాళ్ళు పెద్ద పెద్ద అద్దాలతో ఎండని ఒకచోటికి తెచ్చి, ఇసక కరిగించి గాజు చేస్తారు. లోయల్లో తోటల మీద ఉన్న కప్పులన్నీ వాళ్ళ చేతివే. వాళ్ళ బండ్లు కింది దారిన పోతాయి, మా దగ్గరికి రావు. దీనికి ఇరుసు విరిగింది కాబట్టి లచ్చన్న కొలిమి వెతుక్కుంటూ వచ్చింది.

బండి తోలుకొచ్చింది నా ఈడు మనిషి. మెడలో తాడుకి అరచేయంత అద్దం వేలాడుతోంది. "ఎవరమ్మా?" అన్నాను. ఆవిడ పగ్గాలు వదిలేసి నోరు తెరుచుకుని చూసింది.

"పెట్టెలో మనిసివి నువ్వే గదా!"

పేరు ఓబులక్క. నా చెయ్యి పట్టుకుని, బుగ్గ గిల్లి, నేను నిజమేనని తేల్చుకుంది.

"మా ఊర్లో నిన్ను దినామూ అంటామక్కా," అంది.

"ఏమని తిడతారు?"

"తిట్టేది కాదులే. నువ్వనేదే అంటాం."

చెప్పుకొచ్చింది. వాళ్ళ ఊరు ఎండిపోయిన ఏటి మధ్యలో ఉంది. నీళ్ళు ఇసక అడుగున ఉంటాయి కాబట్టి అక్కడే చెలమలు తవ్వుకుని, వాటి పక్కనే గుడిసెలు వేసుకున్నారు. పొద్దు వాలగానే అందరూ పెట్టె చుట్టూ చేరతారు. తీరం, లోయలు, కొండలు అయ్యేదాకా బిందెలు నింపుకుంటూ కబుర్లాడుకుంటారు. "కొండలకు ఇంతే" అని నేను అనగానే ఊరంతా నోరు మూసుకుని ఊపిరి పీలుస్తుందట. అప్పుడు నాతో కలిసి ముసలీ ముతకా పిల్లా పీచూ ఒక్క గొంతుతో అరుస్తారట. "ఎడారి! ఆకాశం తేట! గాలి పొడి! చినుకు లేదు!" అరిచి, నవ్వి, పెట్టె కట్టేసి, బువ్వకి పోతారు. ఒడిలో పిల్లలు మొదట నేర్చుకునే మాటలు కూడా ఇవేనట.

నేను సాగదీసే చోట సాగదీసి, తెంచే చోట తెంచి అచ్చం నాలాగే అని చూపించింది. నాకు నవ్వాగలేదు. ఇన్నేళ్ళూ ఆ మాట ఇసకలో పోసిన నీళ్ళే అనుకున్నాను. ఒక ఊరు ఊరంతా నాతో గొంతు కలుపుతోందని తెలిస్తే గర్వంగా ఉండదా? ఉంది.

ఎండ తగ్గకముందే ఓబులక్క మా పడమటి బండ ఎక్కి మెడలో అద్దం తిప్పింది. దూరంగా ఇసక మీద నడియేటి గుట్ట గోధుమరంగు మచ్చలా కనిపిస్తుంది. కంటికి దగ్గరే, ఇసకలో నాలుగు రోజుల దారి. కాసేపటికి గుట్ట మీద చుక్క మెరిసింది.

"నా కూతురు సుంకులమ్మ. చేరినాననుకునింటాది," అంది. "నెలలు నిండినాయి దానికి. నేను తిరిగి పోయేలోపల కంటాదో ఏమో."

వాళ్ళ ఊళ్ళో పుట్టిన పిల్లకి ముందు పెట్టేది పేరు కాదట, అద్దం. ఇంటివాళ్ళే పోసి చేసి మెడలో వేస్తారు. పేరు తర్వాత తీరిగ్గా చూసుకుంటారు.

పన్నెండో రోజు

తెల్లారేసరికి గాలి ఒత్తిడి పడిపోయింది. తీరం పెద్ద నూకరాజు పిలిచాడు. నాకు మేనమామ వరస.

"వరాలూ, పొంగు మారిపోనాదే. దచ్చినం నుంచి ఒత్తుతన్నాది. పీతలన్నీ గట్టెక్కేసినాయి. ఏటి సెప్తాది నీ యంత్రం?"

యంత్రం చెప్పింది చదివి నేను కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను. దక్షిణాన తుఫాను తీరం దాటుతుంది. దాటి చచ్చిపోదు. కొండల సందులోంచి దూరి ఎడారి మీదికి పోయి అక్కడ కూర్చుంటుంది. లచ్చన్న నమ్మక ఇంకో బెలూన్ ఎగరేశాడు. అదీ అదే చెప్పింది. ఉన్న ఆఖరి బెలూన్ కూడా వదిలాడు.

"అక్కా, ఎడారికి వాన," అన్నాడు నెమ్మదిగా.

నేను గెంతాను. ఈ వయసులో గెంతితే మోకాలు పట్టేసింది, అది వేరే సంగతి. ఓబులక్కని లేపి చెప్తే ముందు నవ్వింది, తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వాళ్ళ ఊళ్ళో వానలో తడిసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉన్నారట, వాళ్ళకీ సరిగ్గా గుర్తు లేదట.

లచ్చన్న మాత్రం నవ్వలేదు. పాత పటం తెచ్చి బల్ల మీద పరిచాడు. పైన ఉన్న వంకలన్నీ వేలితో చూపించాడు. అన్నీ వచ్చి ఒకే ఏట్లో పడుతున్నాయి. ఆ ఏటి నడుమ ఊరు. రేపు రాత్రి తర్వాత ఆ ఊరు ఉన్నచోట నీళ్ళుంటాయి. గుట్ట ఎక్కితే బతుకుతారు.

"మబ్బులు చూసి ఎక్కరా?" అన్నాను.

ఓబులక్క తల అడ్డంగా ఊపింది. "మబ్బులు ఏటా వస్తాయి, పోతాయి. మబ్బుని నమ్మేది యాపొద్దో మానేసినాం. నిజంగా చినుకు పడితే ఏట్లో నిలబడి చిందులేస్తారు గానీ గుట్టెందుకెక్కుతారు?"

అద్దంతో సైగ చేద్దామంటే ఎండ లేదు. బండిలో పోదామంటే నాలుగు రోజులు. ఉన్నది నా గొంతు ఒక్కటే. అయితే ఏం, అదే చాలనుకున్నాను.

సందె కబురు మొదలుపెట్టాను. ఓబులక్క నా ఎదురుగా గోడకి చేరబడి కళ్ళు మూసుకుని కూర్చుంది. తీరానికి చెప్పాను, లోయలకి చెప్పాను. "కొండలకు ఇంతే" అని గుక్క తిప్పుకున్నాను. తర్వాత ప్రతి మాటా విడదీసి చదివాను. "ఎడారి. కుండపోత వాన, ఏటికి వరద, నడియేరు ఖాళీ చేసి గుట్ట ఎక్కండి."

నా మాట మీద పడి ఇంకో గొంతు గదంతా మోగింది. "ఎడారి! ఆకాశం తేట! గాలి పొడి! చినుకు లేదు!"

ఓబులక్క. కళ్ళు మూసుకునే ఉంది, ముఖంలో నవ్వు కూడా ఉంది. నేను మీట నొక్కి ఆపాను.

"చెప్తానంటివే, ఎప్పుడు చెప్తావక్కా?" అంది కళ్ళు తెరిచి.

"చెప్పాను కదే!"

"యాడ చెప్పినావు? దినామూ చెప్పేదే గదా చెప్పింది."

లచ్చన్న, నేను ముఖాలు చూసుకున్నాం. కబురు తెలిసిన మనిషి, ఆ కబురు కోసమే ఎదురుగా కూర్చున్న మనిషి వినలేదు. అక్కడ ఊరు ఊరంతా నోరు తెరిచి అరిచి ఉంటుంది. అరిచి, నవ్వి, పెట్టె కట్టేసి ఉంటుంది. రేపు సాయంత్రం దాకా దాన్ని తెరవరు. ఓబులక్కకి విషయం అర్థమై రెండు చేతులతో నోరు మూసుకుంది. నిన్న ఎంత గర్వపడ్డానో తలుచుకుంటే ఒళ్ళు మండింది.

పదమూడో రోజు

ఇవాళ సందె కబురు ఒక్కటే మిగిలింది.

పొద్దున్నించీ ఓబులక్కని గోడకి కూర్చోబెట్టి రకరకాలుగా చదివి చూశాను. నెమ్మదిగా చదివితే నెమ్మదిగా కలిపింది. గబగబా చదివితే గబగబా కలిపింది. కోపంగా అరిచాను, నాకంటే పైస్థాయిలో అరిచింది. "ఎడారి" అనే మాట తీసేసి ఊరుకున్నాను. కాసేపు చూసి తనే అందుకుని మొత్తం అప్పజెప్పింది.

"నేనేం చేసేదక్కా, నోరు దానంతటదే పోతాది," అంది ఏడుపు గొంతుతో.

"పోనీ నువ్వే మాట్లాడు పెట్టెలో. మీ ఊరి గొంతు కదా."

"కట్టేస్తారు. నేను నేర్పించినానే నా బిడ్డకి, నీ గొంతు కాకపోతే కట్టెయ్యమని."

తీరానికంటే ముందు ఎడారికి చదివితే? అప్పుడు బిందెల చప్పుడులో ఎవరూ వినరు. పైగా తమ మాట ముందు రాకపోతే కేంద్రం మూగబోయిందనుకుని తీరంవాళ్ళు తెప్పలు గట్టుకి కొట్టుకోకుండా తాళ్ళు కోసుకుని సముద్రంలోకి పోతారు. అది వాళ్ళకి మేం నేర్పిన పద్ధతే. తుఫాను రోజున అంతకంటే ముప్పు లేదు.

మళ్ళీ చదివాను. ఓబులక్క మళ్ళీ కలిపింది. "ఎడారి! ఆకాశం తేట! గా..."

"ఓబులక్కా, గంజి," అన్నాడు లచ్చన్న వెనకనుంచి, గిన్నె పట్టుకుని.

ఆవిడ నోరు ఠక్కున ఆగింది. "ఆఁ?" అని తిరిగి చూసింది.

నేను కుర్చీలోంచి లేచాను. "లచ్చన్నా, మళ్ళీ పిలువు!"

మళ్ళీ చదివాను, ఆవిడ మళ్ళీ అందుకుంది, లచ్చన్న మళ్ళీ పిలిచాడు. మళ్ళీ ఆగింది. మూడోసారి నేనే పిలిచాను, చదివే గొంతుతోనే. "ఎడారి. ఓబులక్కా." నోరు తెరుచుకునే ఉంది గానీ మాట రాలేదు. మన పేరు వినపడితే మన నోరు మన మాట వినదు. గంజి చల్లారిపోయింది, ఎవరికీ పట్టలేదు.

ఒక్కరి పేరు పిలిస్తే ఒక్కరి నోరే ఆగుతుంది. మిగతావాళ్ళు అరుస్తూనే ఉంటారు. అందుకని అందరినీ పిలవాలి. సందె కబురులో మనిషి పేరు రాకూడదని నియమం. వాతావరణం అందరిదీ అని సభవారి ఉద్దేశం. సభవారు ఏటి మధ్యలో లేరు కాబట్టి నేను ఆ నియమాన్ని పక్కన పెట్టాను.

ఓబులక్క గుడిసె వరసన ఒక్కొక్కరి పేరూ చెప్పింది, తాతల్నీ వదల్లేదు, పాలుతాగే పిల్లల్నీ వదల్లేదు. నేను వెంట అనుకుంటూ పోయాను.

అప్పుడు లచ్చన్న బ్యాటరీ ముల్లు చూపించాడు. మబ్బు పట్టి సోలార్ పలకలకి ఎండ తగల్లేదు. ఉన్న కరెంటు రోజూ చదివే కబురుకి సరిపోతుంది. ఇన్ని పేర్లకి చాలదు. ఎవరి వంతులోంచో కొయ్యాలి. తుఫాను రోజున ఎవరి మాట కొయ్యను? తల పట్టుకుని కూర్చుని, చివరికి మూడు ప్రాంతాలనీ అడుగుదామని పిలిచాను.

లోయలవాళ్ళు వెంటనే ఒప్పుకున్నారు. వాళ్ళ పెద్దావిడ, "మా నెత్తిమీది గాజు ఎవరిదమ్మా? మూసుకుంటాంలే, నువ్వు చెప్పక్కర్లేదు," అంది. కొండలవాళ్ళతో లచ్చన్న వాళ్ళ భాషలో మాట్లాడి, "కొండలకు ఇంతే అను చాలు," అన్నాడు. నాకు భయమల్లా తీరంతోనే. తుఫాను మొదట తాకేది వాళ్ళనే.

నూకరాజు మావయ్య అంతా విన్నాడు. వెనక గాలి హోరు వినపడుతోంది.

"మాకు రెండు ముక్కలు సాలు," అన్నాడు. "గాలి ఎటు, ఎంత. మిగతాది ఆళ్ళకి సెప్పు. సంద్రం ఎలగ ఉందో మాకు సంద్రమే సెప్తాది. ఆళ్ళకి సెప్పీవోడు నువ్వు తప్ప ఎవుడున్నాడే?"

తీరం వంతు కొట్టేసి రెండు ముక్కలు రాసుకున్నాను.

సాయంత్రం కూర్చున్నాను. ఓబులక్క పక్కనే నిలబడి నా భుజం పట్టుకుంది. తీరానికి రెండు ముక్కలు చెప్పాను. లోయలకు ఇంతే. కొండలకు ఇంతే. నడియేరు ఊపిరి పీల్చే క్షణం అది.

"సాకే ఎర్రెన్నా," అన్నాను. "పోతులయ్యా. చిన్న నరసమ్మా. వింటున్నావా నరసమ్మా? దండు బాలుడూ. నేను వరహాలుని. తిక్కన్న తాతా, నోరు మూసి చెవి పెట్టు."

పిలుస్తూ పోయాను. ఒక్కో పేరుకి ఒక్కో నోరు ఆగుతోందని ఊహించుకున్నాను. సగానికి వచ్చేసరికి అక్కడ నిశ్శబ్దం అయిపోయి ఉండాలి, తన పేరు ఎప్పుడొస్తుందా అని ప్రతివాళ్ళూ ఎదురుచూస్తూ ఉండాలి. సుంకులమ్మ పేరు దగ్గర ఓబులక్క వేళ్ళు నా భుజంలో దిగబడ్డాయి. పేర్లన్నీ అయ్యాక కబురు చెప్పాను. వాన. వరద. చెలమలు వదిలేయండి, అద్దాలు మెడలో వేసుకుని గుట్ట ఎక్కండి. మళ్ళీ చెప్పాను. మూడోసారి చెప్తుండగా కరెంటు అయిపోయి దీపం ఆరింది.

విన్నారో లేదో తెలియదు. విని ఉంటారని ఓబులక్కతో అన్నాను. నాకూ అలా నమ్మాలనే ఉంది.

స్వాతి కార్తె, మొదటి రోజు

వాన. బెలూన్లు లేవు, కరెంటు లేదు. కోతులన్నీ యంత్రాల గదిలో చేరాయి. ఎవరం తరమలేదు.

ఓబులక్క తలుపు దగ్గర కూర్చుని పడమటి వైపే చూస్తోంది. అటు వాన తప్ప ఏమీ కనపడదు. అన్నం పెడితే తిన్నది. "తింటేనే గదా బండి తోలేది," అంది.

మూడో రోజు

పొద్దున మబ్బు చీలింది. పలకలకి ఎండ తగిలి కాసింత కరెంటు రాగానే తీరం పిలిచింది. తాళ్ళు నిలిచాయట. మూడు తెప్పలు పోయాయి, మనుషులందరూ ఉన్నారు. నూకరాజు మావయ్య మొదట అడిగింది తన తెప్ప గురించి కాదు. "ఎడారోళ్ళు ఏటైనారే?"

"తెలీదు మావయ్యా."

ముగ్గురం పడమటి బండ ఎక్కాం. ఎడారి నడుమ ఎప్పుడూ లేని గీత ఒకటి తళతళలాడుతోంది. ఏరు. అంత అందమైనదాన్ని చూసి అంత భయపడటం నాకు కొత్త. ఊరు ఉన్నచోట ఆ గీత వెడల్పుగా ఉంది. గుట్ట మాత్రం కనిపిస్తోంది. ఓబులక్క మెడలో అద్దం తీసి ఎండకి తిప్పింది. ఆగింది. మళ్ళీ తిప్పింది.

గుట్ట మీద చుక్క మెరిసింది.

నేను అరిచాను. ఓబులక్క నన్ను ఊరుకోమని చెయ్యి చూపించింది. మెరిసి ఆరిపోయింది. దాని పక్కన ఇంకోటి మెరిసి ఆరిపోయింది. తర్వాత ఇంకోటి. ఏమిటీ సైగ అని నేను తికమకపడుతుంటే ఓబులక్క పెదవులు కదులుతున్నాయి.

"ఎర్రెన్న," అంది. "పోతులయ్య. చిన్న నరసమ్మ. బాలుడు."

నేను పిలిచిన వరసనే పలుకుతున్నారు. వాళ్ళ దగ్గర మాట్లాడే పెట్టె లేదు. మెడలో అద్దాలున్నాయి. పిలిచినప్పుడు పలకలేకపోయినవాళ్ళు ఇప్పుడు ఒక్కొక్కరే ఆఁ అంటున్నారు. నేనూ ఓబులక్కతో గొంతు కలిపాను. లచ్చన్న కూడా కలిపాడు. తిక్కన్న తాత మెరుపు వంకరటింకరగా వణికింది. ముగ్గురం నవ్వాం.

"సుంకులమ్మ," అన్నాం.

మెరవలేదు.

ఆగాం. గుట్ట నల్లగా ఉంది. తర్వాతి చుక్క మెరిసింది, దాని తర్వాతిదీ మెరిసింది. ఓబులక్క పెదవులు ఆగిపోయాయి. నేను ఆమె చెయ్యి పట్టుకుని మిగతా పేర్లు ఒక్కదాన్నే అన్నాను, ఆపితే ఇంకెవరైనా తప్పిపోతారేమోనని. ప్రతి పేరుకీ చుక్క వచ్చింది. వరస అయిపోయింది. గుట్ట ఆరిపోయింది.

లచ్చన్న తల వంచుకున్నాడు. ఓబులక్క కదల్లేదు, కళ్ళు తిప్పలేదు.

అప్పుడు గుట్టకి ఒక పక్కన, మిగతావాళ్ళకి దూరంగా, ఒక చుక్క మెరిసింది. పట్టుకున్న చెయ్యికి బలం లేనట్టు ఊగింది, ఆరలేదు. దాని పక్కనే ఇంకోటి వెలిగింది. చాలా చిన్నది. ఇంతకుముందు మెరిసినవాటిలో అంత చిన్నది ఏదీ లేదు.

నేను పిలవని పేరు అది. ఇంకా పెట్టని పేరు.

"గుట్ట మీదే కనిందక్కా!" అని అరిచి ఓబులక్క బండ మీద కూలబడింది. "వానలో కనిందే నా తల్లి! ఆ నీళ్ళలో కొలిమి యాడ రాజేసినారో, అద్దం యాడ పోసినారో!" ఏడుస్తూనే లేచి, తన అద్దం పైకెత్తి, చెయ్యి నొప్పి పుట్టేదాకా తిప్పుతూనే ఉంది. నేను బాహాటంగా ఏడ్చాను. కోతులు చూశాయి, చూడనీ.

లచ్చన్న బాగుచేసిన ఇరుసుతో ఓబులక్క మధ్యాహ్నం బండి కట్టింది. గాజు పలకలు మా దగ్గరే దించేసింది. లోయలవాళ్ళు వాళ్ళే వచ్చి తీసుకుపోతామన్నారు, వచ్చేటప్పుడు నడియేటికి గుడిసెల మీద కప్పే గుడ్డలూ జొన్నలూ తెస్తామన్నారు.

"ఈసారి నీళ్ళు చూసి మిట్ట మీద కట్టుకోండి," అన్నాను.

"కట్టుకుంటాం. నీళ్ళకి బిందెతో దిగొస్తాం, ఏం పోయింది!" అని పగ్గాలు అందుకుంది.

సాయంత్రం సందె కబురు. తీరానికి వాళ్ళ వంతు పూర్తిగా చదివాను, బాకీతో సహా. తర్వాత లోయలు. తర్వాత కొండలు. "కొండలకు ఇంతే" అని ఆగాను. గుట్ట మీద పెట్టె చుట్టూ చేరి ఉంటారు, ఊపిరి పీల్చి ఉంటారు. వాళ్ళకే కాదు, ఆ తర్వాతి మాట ఇవాళ నాకూ అలవాటు లేదు.

"ఎడారి," అన్నాను. "ఆకాశం తేట, గాలి చల్లన, ఏట్లో నీళ్ళు. ఇది రేపటికి మారొచ్చు, బట్టీ పట్టకండి. సుంకులమ్మా, మీ అమ్మ బయల్దేరింది. తను వచ్చేదాకా పాపకి పేరు పెట్టొద్దంది."